లక్ష్మీదేవమ్మ ముక్కు

పొద్దున ఏడున్నరకు చింతామణి వైపు నుంచి చిక్కబళ్లాపురం వెళ్లే బస్సు ఎక్కిందంటే, అందులో ఎవరు ఏం తిని వచ్చారో లక్ష్మీదేవమ్మ చెప్పగలదు. డ్రైవరు తలకు ఆముదం, కండక్టరు జేబులో నిన్నటి వక్కపొడి, ముందు సీటు పెద్దమనిషి సంచిలో నాటుకోడి కూర. చెప్పదు లెండి. మర్యాద తెలిసిన మనిషి. కానీ వాసన చూడకుండా ఉండమంటే ఆమె తరం కాదు. దేవుడు ఆమెకు యాభై రెండేళ్ల వయసూ, ఒక మోకాలి నొప్పీ, సీనప్ప అనే నెమ్మదైన మొగుడూ ఇచ్చి, వాటికి సాయంగా ఆ ముక్కునిచ్చాడు.

ఆ ముక్కుకు పదును పెట్టింది మాత్రం పట్టుపురుగులు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఇరవై మూడేళ్లు అత్తగారింట్లో ఆమె పురుగులు మేపింది. మల్బరీ ఆకు కోయడం, తట్టల్లో పరచడం, నాలుగోసారి పొర విడిచే నిద్ర లేచిన పురుగులకు రాత్రీ పగలూ మేత వేయడం. ఏ తట్టలో పురుగుకు జబ్బు చేయబోతోందో కంటికి కనబడకముందే లక్ష్మీదేవమ్మ వాసన పట్టేసేది. పంటకూ పంటకూ మధ్య పురుగుల ఇంటిని బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో నేల, గోడ, తట్ట అన్నీ కడిగి, ఒక రోజంతా తలుపులు బిగించి ఉంచడం ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పని. ఆమె అత్త దానికి ఇంకో నియమం కూడా పెట్టింది. మన పురుగుకు రోగమొచ్చిందంటే, ఇతరులు కనిపెట్టే దాకా ఆగకూడదు. మనమే వీధిలోకి వెళ్లి, మా ఇంటికి రావద్దండీ, వచ్చిన కాళ్లతో మీ పురుగుల దగ్గరికి పోవద్దండీ అని చెప్పాలి. దాచిపెడితే పక్కింటి పంట కూడా పోతుంది. అత్త అలా రెండుసార్లు వీధిలో నిలబడి చెప్పడం లక్ష్మీదేవమ్మ చూసింది. చెప్పేటప్పుడు అత్త మొహం ఎలా ఉండేదో కూడా చూసింది.

బోర్లలో నీళ్లు పోయి, మల్బరీ ఎండి, పురుగుల పని మూలబడ్డాక, నంది కొండ పక్కవాటుగా కనబడే ఒక వైనరీలో ద్రాక్ష కోతకు కూలికి వెళ్లింది. అది జరిగి పదకొండేళ్లు. ఊళ్లో వాళ్లు బ్రాందీ ఫ్యాక్టరీలో చేరిందని చెప్పుకున్నారు. కొన్నాళ్లు ఓపిగ్గా అది వైననీ, ద్రాక్షరసం పులిసి తయారవుతుందనీ వివరించింది. ఆ తర్వాత విసుగొచ్చి, అవును బ్రాందీయే, నీకో సీసా తేవాలా అని అడగడం మొదలుపెట్టింది. దాంతో మాటలు తగ్గాయి.

కోతలో ఉన్న మనిషి నేలమాళిగ దాకా ఎలా వెళ్లిందంటే, అదీ ముక్కు పుణ్యమే. వైను తయారుచేసే ప్రతిమ బాగేపల్లి బడిపంతులు కూతురు. నాసిక్‌లో చదువుకుని వచ్చింది. ఒక రోజు బెంగళూరు అతిథులకు ఏదో విదేశీ సీసా తెరిచి రుచి చూపిస్తుంటే, ఖాళీ గ్లాసులు తీయడానికి వచ్చిన లక్ష్మీదేవమ్మ ఆగిపోయి, ఇది నానిన గోనెసంచి వాసనొస్తోందని నెమ్మదిగా అంది. ప్రతిమ మళ్లీ వాసన చూసింది. నిజమే. కార్కు బిరడాకు పట్టే ఒక చెడు అది. ప్రమాదమేమీ లేదు, తాగితే ఎవరూ చావరు. కానీ వైనులోని పండు వాసనంతా మూసుకుపోయి, తడిసిన గోనె, తడిసిన అట్టపెట్టె మిగులుతాయి. పదిమంది చదువుకున్నవాళ్లు బాగుంది బాగుంది అంటూ తాగేసిన సీసా అది.

అప్పటి నుంచి అతిథుల ముందుకు వెళ్లే ప్రతి సీసా ముందు లక్ష్మీదేవమ్మ ముక్కు కిందికి వచ్చేది. ఆమె మింగదు. వాసన చూస్తుంది, అవసరమైతే నాలుక తడిపి పక్కనున్న బకెట్టులో ఉమ్మేస్తుంది. రుచులకు ఆమె చెప్పే పేర్లు కూడా ప్రతిమకు నచ్చాయి. తామెవరూ చూడని విదేశీ పండ్ల పేర్లు మానేసి, నేరేడు పండు, చింతచిగురు, రాగి సంకటి కుండ మూత తీసినప్పటి ఆవిరి, మొదటి వాన పడిన చేను అని ఆమె చెప్పినట్టే కార్డుల మీద అచ్చు వేయించింది. అతిథులు ఆ కార్డులను ఇంటికి పట్టుకుపోయేవాళ్లు. నేలమాళిగ తాళంచెవి లక్ష్మీదేవమ్మ కొంగుకు చేరింది. అత్తగారు పెట్టిన నగలు ఏనాడూ అంత బరువుగా అనిపించలేదని సీనప్పతో ఒకసారి అంది.

ఆ నేలమాళిగలో ఒక మూల నలభై సీసాలు ఐదేళ్లుగా పడుకుని ఉన్నాయి. వైనరీ యజమాని పురుషోత్తమ్ తండ్రి ఆదినారాయణప్ప చివరి పంట అది. ఆయన చుట్టుపక్కల రైతుల వెంట పడి, సంతలో అమ్మే లావు ద్రాక్ష కొంత పీకించి, వైనుకు పనికొచ్చే గోలీకాయంత షిరాజ్ ద్రాక్ష వేయించాడు. ఆయన మాట మొదట విన్నది గుడిబండె దగ్గరి మునికృష్ణప్ప. ఊరంతా నవ్వినా విన్నాడు. ఆ మునికృష్ణప్ప చేని పండుతోనే ఆదినారాయణప్ప ఒక చిన్న పీపా వైను ప్రత్యేకంగా పెట్టించి, ఏడో ఏడు కోత పండగకు తెరవాలనీ, మొదటి గ్లాసు మునికృష్ణప్పకు పోయాలనీ చెప్పి కన్ను మూశాడు. మిగతా సీసాలన్నిటికీ తిప్పే మూతలు. ఈ నలభైకి మాత్రమే, దాచి ముదరబెట్టేవి గనక, ప్రతిమ కార్కు బిరడాలు తెప్పించింది. రెండు పొట్లాలు.

ఈ ఏడు ఏడో ఏడు. ఫిబ్రవరి చివరి ఆదివారం కోత పండగ. అరవై మంది వస్తామన్నారు. వారం ముందు ప్రతిమ పరీక్షకని మూడు సీసాలు తెరిచింది. మొదటిది తెరవగానే గదిలో వాన పడింది. లక్ష్మీదేవమ్మ కళ్లు మూసుకుని, చేను, నేరేడు, ఆ వెనక ఎక్కడో మిరియం అని చెప్పింది. రెండోది తెరిచారు. గోనెసంచి. మూడోది తెరిచారు. అదీ గోనెసంచే.

పురుషోత్తమ్ చెడ్డవాడేం కాదు. కానీ తండ్రి చివరి పంట దగ్గర ఆయనకు నవ్వూ లేదు, ఓపికా లేదు. ఆ బిరడాలు ఎవరి దగ్గర కొన్నారు, ఎందుకు కొన్నారు, చూసుకోవద్దా అని ప్రతిమను నిలబెట్టి అడిగాడు. పండగ అయ్యాక మీరు వేరే చోటు చూసుకోండి అన్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు, అందువల్ల ఇంకా గట్టిగా తగిలింది.

ప్రతిమ నేలమాళిగకు వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. తప్పెక్కడ జరిగిందో తేల్చుకోవాలన్న మొండితనం ఆమెది. బిరడా చెట్టు నుంచే చెడు రావచ్చు, లారీలో తడిసి ఉండొచ్చు అంటూ వేళ్ల మీద ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చింది. "లేదా బూజున్న చోట, చెక్కల దగ్గర, బ్లీచింగ్ పౌడర్ వాడినా ఇదే వాసన పుడుతుందక్కా. దగ్గర్లో బిరడాలు తెరిచి పెట్టుంటే పీల్చేస్తాయి. కానీ ఇక్కడ అట్లాంటి పని ఎవరు చేస్తారు?"

లక్ష్మీదేవమ్మ చేతిలో ఉన్న గ్లాసును బల్ల మీద పెట్టేసింది.

ఐదేళ్ల కిందట ఆ పని చేసింది ఆమె. ఆ వానాకాలం నేలమాళిగ గోడలకూ చెక్క అరలకూ బూజు పట్టింది. ప్రతిమ ఆరు వారాల శిక్షణకని నాసిక్ వెళ్లింది. ఆయుధ పూజ దగ్గర పడింది, నేలమాళిగ శుభ్రం చేయించమ్మా అని పురుషోత్తమ్ చెప్పి వెళ్లాడు. శుభ్రం అనగానే లక్ష్మీదేవమ్మకు తెలిసిన శుభ్రం ఒకటే. ఇంటి నుంచి మిగిలిన బ్లీచింగ్ పౌడర్ డబ్బా తెచ్చి, కొంగు బిగించి, పురుగుల ఇంటిని కడిగినట్టు గోడలు, నేల, చెక్క అరలు మూలమూలా కడిగింది. ఒక రోజంతా తలుపులు బిగించింది. కొత్త బిరడాల పొట్లం ఒకటి, చూడ్డానికని ప్రతిమ అంతకుముందే చింపింది, అరమీద తెరిచే ఉంది. రెండోది కట్టినట్టే ఉంది. పూజ నాడు గుమ్మడికాయ కొట్టి, తలుపుకు మామిడాకు కట్టి, పురుషోత్తమ్ నోటితో బాగా చేసినావమ్మా అనిపించుకుంది. ఆ మాట ఇంటికి వెళ్లి సీనప్పకు రెండుసార్లు చెప్పింది కూడా. పై నెలలో, రెండేళ్లు పీపాలో ముదిరిన ఆ వైనును నలభై సీసాల్లోకి పోసి, ఆ బిరడాలతోనే బిగించారు. ఆ తర్వాత ఆవిరితో కడిగే యంత్రం వచ్చింది. బ్లీచింగ్ డబ్బా సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం బస్సులో ఎవరి నెత్తిన ఏ నూనె ఉందో ఆమెకు తెలియలేదు. ఇంటికి వెళ్లి, డెయిరీకి పాలు పోసి వచ్చిన సీనప్పకు అంతా చెప్పింది. సీనప్ప పాల క్యాను కడగడం ఆపి విన్నాడు. భార్యంటే ప్రాణం ఆయనకు. అందుకే పెద్దగా ఆలోచించకుండా తనకు తోచింది చెప్పాడు.

"నిన్ను ఎవరన్నా అడిగినారా? ఐదేండ్ల నాటి మాట. చెడు బుద్ధితో చేసినావా ఏమన్నా? ఊరికే ఉండు."

"నేను ఊరికే ఉంటే ఆ పాప పని పోతాదే."

"చెప్తే నీ పని పోతాది."

ఆయన చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. పోయేది జీతం ఒక్కటే అయితే ఆమె అంత బాధపడేది కాదు. ఈ వయసులో, రాగి సంకటి ఆవిరి అని తను అన్న మాటను ఎవరో అచ్చు వేయించారు. ఆ తాళంచెవి కొంగున ఉంటే బస్సులో ఆమె కూర్చునే తీరే వేరు. అదంతా ఒక్క మాటతో పోతుంది. పైగా ఆ ముక్కే, ఊరందరి తప్పు పట్టిన ఆ ముక్కే, తను చేసిన తప్పును ఐదేళ్లు పక్కన పెట్టుకుని కూడా పట్టలేకపోయింది. సీసాలు మూసి ఉన్నాయి, ఎలా పడుతుంది అని మనం సర్ది చెప్పొచ్చు. ఆమె సర్దుకోలేదు. అన్నం తినేటప్పుడు అత్త గుర్తొచ్చింది. వీధిలో నిలబడి, మా ఇంటికి రావద్దండీ అని చెప్పిన అత్త.

మర్నాడు ఆఫీసు గదిలో పురుషోత్తమ్, ప్రతిమ ఇద్దరూ ఉండగా వెళ్లి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అప్పా, బిరడాల తప్పు ఈ పాపది కాదు. ఐదేండ్ల కిందట ఆయుధ పూజకు నేలమాళిగ బ్లీచింగ్ పౌడర్‌తో కడిగింది నేను. పురుగుల ఇల్లు కడిగినట్ల కడిగితి. నాకు తెలీక చేస్తి. చేసింది మాత్రం నేనే."

కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. పురుషోత్తమ్ ఆ తాళంచెవిని చూశాడు. తండ్రి చివరి పంట. బాగా చేసినావమ్మా అని తానే అన్న మాట కూడా ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. తీసి సొరుగులో వేసుకున్నాడు. ప్రతిమ వైపు చూసి, నిన్న అన్న మాట మర్చిపొమ్మన్నాడు. ఆ అమ్మాయి మర్చిపోలేదు, కానీ తలూపింది. లక్ష్మీదేవమ్మ వైపు చూడలేదు. ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర పని చేసిన మనుషులు, బాధగానే ఉంటుంది.

పండగ ఆపేద్దామన్నాడు పురుషోత్తమ్. అప్పుడు లక్ష్మీదేవమ్మే అంది, సగం సీసాలు మంచివే ఉంటాయని. రెండో పొట్లం కట్టినట్టే ఉంది కదా. ఏ సీసాకు ఏ బిరడానో పైనుంచి చూస్తే తెలియదు. తెరిచి వాసన చూడాలి. తెరిచిన సీసా ఆ పూటే తాగేయాలి. అంటే అతిథుల ముందే తెరవాలి, అక్కడే తేల్చాలి. ప్రతిమ, తన ముక్కు ఇరవై సీసాల తర్వాత అలిసిపోతుందనీ, అక్క ముక్కు అలిసిపోవడం ఎప్పుడూ చూడలేదనీ చెప్పింది. చెప్పేటప్పుడు కూడా గోడవైపే చూసింది.

అలా ఆదివారం షామియానా కింద, అరవై మంది ముందు, లక్ష్మీదేవమ్మ బల్ల వేసుకుని కూర్చుంది. పురుషోత్తమ్ జరిగింది దాచలేదు. కడిగేటప్పుడు తమ వైపు జరిగిన పొరపాటు వల్ల కొన్ని సీసాలు చెడిపోయాయని చెప్పాడు. ఎవరు కడిగారో చెప్పలేదు. ఆ ఉపకారం ఆమె గమనించింది. గమనించాక, ఆ మొదటి బల్ల దగ్గర ఎవరో ఆవిడ ఎవరండీ ఆ కడిగింది అని నవ్వుతూ అడిగితే, నేనేనమ్మా అని చెప్పేసింది. నవ్విన ఆవిడ నవ్వు ఆపేసింది.

పురుషోత్తమ్ ఒక సీసా మెడకు మాత్రం పసుపుదారం కట్టి పక్కన పెట్టాడు. అది మునికృష్ణప్పది. మొదటి గ్లాసు ఆయనదే అని తండ్రి చెప్పినా, గుడిబండె బస్సు దారిలో ఆగిపోయి ఆ మనిషి ఇంకా రాలేదు. వచ్చాకే తెరుద్దామన్నాడు.

ప్రతిమ బిరడా తీసేది, గ్లాసులో రెండు గుక్కలు పోసేది, లక్ష్మీదేవమ్మ వాసన చూసేది. మొదటి మంచి సీసా నుంచి ఒక గ్లాసు నిండుగా పోసి ఆమె ముందు పెట్టింది. ముక్కు దారి తప్పకుండా, మధ్యమధ్య ఆ మంచి వాసన చూసుకుంటూ ఉండటానికి. మంచిది అంటే కుడి పక్కకు, చెడింది అంటే ఎడమ పక్కకు. ఎడమ పక్కకు వెళ్లిన ప్రతి సీసా ఆమె చేసిన తప్పే. అరవై జతల కళ్లు చూస్తుండగా తన తప్పును తానే ఒక్కొక్కటిగా ఎంచి పక్కన పెట్టింది. పదో సీసా దగ్గర కొంగుతో మొహం తుడుచుకుంది. పంతొమ్మిదో దానికి నీళ్లు తాగింది. ముప్పై ఆరూ అయ్యేసరికి కుడి పక్కన పదిహేడు, ఎడమ పక్కన పంతొమ్మిది. కుడి పక్కవి అప్పటికే బల్లల మీదికి వెళ్లి ఖాళీ అవుతున్నాయి. వాన పడిన చేను అని ఎవరో అంటుంటే ఇంకెవరో అవునవును అంటున్నారు.

అప్పుడొచ్చాడు మునికృష్ణప్ప. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఎనభై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు ద్రాక్ష పండించి, ఒక్క చుక్క వైను నోట్లో పోసుకోనివాడు. ఆదినారాయణప్ప మాట కోసం ఈ ఒక్కసారికి తాగుతానని ముందే చెప్పి పెట్టాడు. పురుషోత్తమ్ ఆయనను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, పసుపుదారం సీసాను తానే తెచ్చి తెరిచాడు. ఆచారం కోసం లక్ష్మీదేవమ్మ ముక్కు దగ్గర పెట్టాడు.

ఆమె చూసింది. ముందున్న మంచి గ్లాసు వాసన చూసుకుని మళ్లీ చూసింది. గోనె వాసన గట్టిగా లేదు. చాలా సన్నగా, వెనకెక్కడో ఉంది. ప్రతిమకు కూడా తెలియకపోవచ్చు. ఆమె పురుషోత్తమ్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

పురుషోత్తమ్ వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా, ఆయనకేం తెలుస్తుందమ్మా, ఎప్పుడూ తాగని మనిషి, ఈ ఒక్కటి పోనిద్దాం అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నాడు. సరే అంటే ఆ పూట అందరి మనసులూ నిండుతాయి. బహుశా తన తాళంచెవి కూడా తిరిగి వస్తుంది.

"తెలీదు కాబట్టే పోయకూడదప్పా. తెలిసినోళ్లయితే చెడిందని పక్కన పెడతారు. ఈయప్పకు పోస్తే, నా చేని పండు ఇట్ల గోనెసంచి మాదిరి ఉంటాదా అనుకొని పోతాడు. ఈ వయసులో మళ్లా ఎప్పుడు తాగి తెలుసుకుంటాడు?"

పురుషోత్తమ్ సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బల్లల మీద సీసాలన్నీ ఖాళీ. లక్ష్మీదేవమ్మ లేచి, తన ముందున్న గ్లాసును, పొద్దుటి నుంచి వాసన చూసుకుంటున్న ఆ నిండు గ్లాసును, రెండు చేతులా తీసుకెళ్లి మునికృష్ణప్పకు ఇచ్చింది. మూతి పెట్టలేదప్పా, వాసన మాత్రమే చూసినా అని చెప్పి మరీ ఇచ్చింది.

మునికృష్ణప్ప తువ్వాలుతో మీసం తుడుచుకుని ఒక గుక్క తాగాడు. మొహం ముడుచుకుంది.

"పుల్లగుండాది," అన్నాడు. "ఒగురుండాది." ఇంకో గుక్క తాగి, నాలుక కదిపి, గ్లాసును వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది మా చేనిదేనా?"

"మీ చేనిదేనప్పా," అంది లక్ష్మీదేవమ్మ.

"ఆదినారాయణ ఉన్నింటే బాగుండు," అన్నాడు. గ్లాసు కింద పెట్టలేదు. చివరి చుక్క దాకా, ఎవరినీ పట్టించుకోకుండా, మందు తాగినంత శ్రద్ధగా తాగాడు. పురుషోత్తమ్ అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

సాయంత్రం అతిథులు వెళ్లాక లక్ష్మీదేవమ్మ తొట్టి దగ్గర గ్లాసులు కడుగుతోంది. ప్రతిమ వచ్చి, పక్కన నిలబడి, కడిగిన గ్లాసులను గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. పది గ్లాసులు తుడిచాక, అక్కా, బ్లీచింగ్ డబ్బా ఇంకా ఉందా అని అడిగింది. ఆ పొద్దే అయిపోయిందమ్మా అంది లక్ష్మీదేవమ్మ. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే లక్ష్మీదేవమ్మకు ఏడుపు కూడా వచ్చింది. వారం నుంచి ఆపుకున్నది.

పురుషోత్తమ్ వచ్చి తొట్టి గట్టు మీద తాళంచెవి పెట్టాడు.

"రేపు నేలమాళిగ శుభ్రం చెయ్యల్లమ్మా," అన్నాడు.

"ఉత్త నీళ్లతోనేనప్పా," అంది ఆమె. తడిచేతులు చీరకు తుడుచుకుని, తాళంచెవి తీసి కొంగుకు ముడివేసుకుంది.